ఈ గోడ తీసేయవచ్చా? - అమెరికా ర్యాంచ్ ఇల్లు చెప్పే కుటుంబ కథ

(పూర్వ విద్యార్థి సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసి, "నీ వృత్తిలోంచి ఏదైనా ఒక విషయం అందరికీ అర్థమయ్యేలా చెప్పు, లెక్కలు మాత్రం చెప్పకు" అన్నారు. మన లెక్కల మాస్టారు ఎదురుగా కూర్చుని ఉండగా లెక్కలు చెప్పే ధైర్యం నాకు ఎలాగూ లేదు. అందుకని ఒక ఇంటి గురించి చెబుతాను.

ఈ బడిలో పదో తరగతి పాసై, ఇంజనీరింగ్ చదివి, పాతికేళ్లుగా అమెరికాలోని డల్లాస్ పరిసరాల్లో స్ట్రక్చరల్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఇంజనీరంటే వంతెనలూ ఆకాశహర్మ్యాలూ కడతాడనుకుంటారు. నా పని ఎక్కువగా పాత ఇళ్లతో. ఇంటివాళ్లు పిలుస్తారు. వెళ్లి అటక ఎక్కి టార్చిలైటు వేసి చూస్తాను, పునాది చుట్టూ ఒకసారి తిరుగుతాను. చివరికి వాళ్లు అడిగేది చాలాసార్లు ఒకటే: "ఈ గోడ తీసేయవచ్చా?"

గోడ మీద పైకప్పు బరువు ఉందో లేదో చూసి జవాబు చెప్పడం నా పని. కానీ ఆ గోడను అరవై ఏళ్ల కిందట ఒకరు అక్కడ ఎందుకు కట్టారు, ఇప్పుడు ఇంకొకరు ఎందుకు వద్దంటున్నారు అన్నదానికి జవాబు ఇంజనీరింగ్ పుస్తకాల్లో లేదు. అది కుటుంబాల చరిత్రలో ఉంది. నాకు పని కల్పించే ఆ ఇళ్లలో ఎక్కువ భాగం ఒకే రకం. దాన్ని ర్యాంచ్ ఇల్లు అంటారు.

ర్యాంచ్ అంటే పశువుల్ని పెంచే పెద్ద క్షేత్రం. ఆ పేరున్నా ఈ ఇళ్లలో ఆవు ఉండదు, గుర్రం ఉండదు. ఒకే అంతస్తు. వీధికి అడ్డంగా పొడుగ్గా పడుకున్నట్టు ఉంటుంది. వాలు తక్కువగా ఉండే పైకప్పు, బాగా ముందుకు వచ్చిన చూరు, ఇంటికి అతికించిన కారు షెడ్డు, ముందు వైపు ఒక పెద్ద అద్దాల కిటికీ, వెనక వైపు పక్కకు జరిపే అద్దాల తలుపు, ఆ తలుపు అవతల ఒక చప్టా, దాని అవతల పచ్చగడ్డి పెరడు. అమెరికా సినిమాల్లో మీరంతా ఈ ఇల్లు చూసే ఉంటారు, పేరు తెలియకపోవచ్చు.

దీని పుట్టుక కాలిఫోర్నియాలో. ఆ ప్రాంతం స్పెయిన్ పాలనలోనూ తర్వాత మెక్సికో పాలనలోనూ ఉన్నప్పుడు అక్కడి భూస్వాములు పచ్చి ఇటుకలతో మందపాటి గోడల ఇళ్లు కట్టుకునేవారు. గదులన్నీ ఒక వరసలోనో రెండు మూడు వైపులానో ఉండి, మధ్యలో ఖాళీ జాగా, దాని చుట్టూ నీడనిచ్చే వసారా. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే వసారాలోకి వచ్చి వెళ్లాలి. వింటుంటే మీకు ఏం గుర్తొస్తోందో నాకు తెలుసు. మన మండువా లోగిలి. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఎండ ఎక్కువగా ఉండి, కుటుంబం పెద్దదై, మట్టీ కర్రా దొరికేచోట మనిషి బుర్ర ఒకేలా పనిచేస్తుంది.

ఆ పాత ఇళ్లను కొత్త కాలానికి మలిచినవాడు క్లిఫ్ మే. 1908లో శాన్ డియాగోలో పుట్టాడు. తల్లి వైపు పాత స్పానిష్ కుటుంబాల వారసుడు, చిన్నప్పుడు బంధువుల మట్టి ఇళ్లలో తిరిగినవాడు. ఆర్కిటెక్చర్ డిగ్రీ లేదు. డాన్స్ బ్యాండులో శాక్సఫోన్ వాయించేవాడు, కుర్చీలూ బల్లలూ చేసి అమ్మేవాడు. 1930ల మొదట్లో శాన్ డియాగోలోనే ఇళ్లు కట్టడం మొదలుపెట్టాడు. వీధి వైపు పెద్దగా ఆర్భాటం ఉండదు. ఇంటి ముఖమంతా లోపలి ముంగిలి వైపే. 1946లో సన్‌సెట్ పత్రికవాళ్లు ఆయనతో కలిసి ర్యాంచ్ ఇళ్ల మీద ఒక పుస్తకం వేశారు. దేశమంతటికీ ఈ ఇంటి రూపం తెలియడానికి అది బాగా ఉపయోగపడింది.

దాదాపు అదే కాలంలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే మహాశిల్పి మధ్యతరగతి వాళ్ల కోసం చిన్న ఇల్లు ఎలా ఉండాలని ఆలోచించాడు. 1937లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో జేకబ్స్ అనే విలేకరి కుటుంబానికి ఒక ఇల్లు కట్టి ఇచ్చాడు. రైట్ ఫీజుతో కలిపి ఖర్చు 5,500 డాలర్లు. ఒకే అంతస్తు, కింద కాంక్రీటు పలక, అందులో వేడి ప్రవహించే గొట్టాలు. అన్నిటికంటే ముఖ్యం, వంటిల్లు ఇంటి వెనక మూల నుంచి కదిలి మధ్యలోకి, భోజనాల బల్ల పక్కకు వచ్చేసింది.

ఇది ఎంత పెద్ద మార్పో తెలియాలంటే అంతకుముందు అమెరికా మధ్యతరగతి ఇల్లు ఎలా ఉండేదో చూడాలి. రెండంతస్తుల ఇల్లు. వీధి వైపు అరుగు లాంటి పోర్చి. సాయంత్రాలు అక్కడ ఊగే కుర్చీలో కూర్చుని దారిన పోయేవాళ్లను పలకరించేవారు. లోపలికి వెళ్తే అతిథుల కోసం అలంకరించిన గది, పిల్లలు అందులో అడుగుపెట్టకూడదు. వంటిల్లు వెనకెక్కడో ఉంటుంది. కాస్త ఉన్నవాళ్ల ఇళ్లలో పనిమనిషి వంట చేస్తుంది, వంటగది నుంచి పై అంతస్తుకు ఆమె కోసం వేరే ఇరుకు మెట్లు కూడా ఉండేవి. వంట వాసన, గిన్నెల చప్పుడు అతిథుల దాకా రాకూడదు. గోడ అక్కడ ఉన్నది అందుకు.

తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి, ఆఫీసులు వచ్చాయి. ఇళ్లలో పనిచేసేవాళ్లు వేరే ఉద్యోగాలకు వెళ్లిపోయారు. వంట చేయాల్సింది ఇంటి ఇల్లాలే అయింది. ఆమె వంట చేస్తూనే పిల్లల్ని చూసుకోవాలి, అతిథులతో మాట్లాడాలి. వెనక మూలన ఉన్న వంటిల్లు ఆమెకు జైలు అయింది. గోడకు కాలం చెల్లడం అక్కడ మొదలైంది.

అయినా 1930ల ఆర్థిక మాంద్యంలో ఇల్లు కట్టే స్తోమత ఎవరికీ లేదు, తర్వాత యుద్ధం. యుద్ధం ముగిసేసరికి సైన్యంలో పనిచేసిన అమెరికన్లు దాదాపు కోటీ అరవై లక్షల మంది. తిరిగి వచ్చారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. ఉండటానికి ఇళ్లు లేవు. కొత్త జంటలు తల్లిదండ్రుల ఇంట్లో ఒక గదిలో సర్దుకున్నారు, కొందరు సైన్యం వదిలేసిన రేకుల షెడ్లలో కాపురం పెట్టారు. 1946 నుంచి 1964 వరకు పుట్టిన పిల్లలు ఏడున్నర కోట్ల పైమాటే.

ప్రభుత్వం ముందుకు వచ్చింది. 1934లోనే గృహరుణాలకు పూచీ ఇచ్చే ఒక సంస్థను పెట్టారు. 1944లో సైనికుల కోసం చేసిన చట్టంతో, చేతిలో పెద్దగా డబ్బు లేకపోయినా దీర్ఘకాలిక రుణం దొరికే వీలు కలిగింది. బిల్డర్లు పొలాలు కొని ఇళ్లు నాటినట్టు నాటారు. 1947లో న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్ మొదలైంది. కార్ల ఫ్యాక్టరీలో కారు కదులుతుంది, మనిషి నిలబడతాడు. ఇక్కడ ఇల్లు నిలబడుతుంది, పనివాళ్లు కదులుతారు. పునాది వేసే బృందం, గోడలు నిలబెట్టే బృందం, రంగులు వేసే బృందం, ఒకరి వెనక ఒకరు. పని జోరుగా సాగిన రోజుల్లో రోజుకు 30 ఇళ్లకు పైగా పూర్తయ్యేవి. మొత్తం 17,000 పైచిలుకు ఇళ్లు. 1949 నుంచి అక్కడ అమ్మిన కొత్త నమూనాకు వాళ్లు పెట్టిన పేరు ర్యాంచ్. 1950 నమూనాలో టెలివిజన్ కూడా గోడలోనే బిగించి ఇచ్చారు. 1940లో సొంత ఇల్లున్న అమెరికా కుటుంబాలు నూటికి 44, 1960 నాటికి 62.

ఇక్కడ ఒక్క నిమిషం ఇంజనీరుగా మాట్లాడనివ్వండి. ఈ ఇల్లు చవగ్గా, వేగంగా రావడానికి మూడు కారణాలున్నాయి. ఒకటి, నేల మీదే పరిచిన కాంక్రీటు పలక. తవ్వకం తక్కువ, భూగర్భ గది లేదు. రెండు, సున్నపు పూతకు బదులు జిప్సం పలకలు. పూత ఆరడానికి రోజులూ వారాలూ ఆగక్కర్లేదు, మేకులు కొడితే గోడ తయారు. మూడోది ట్రస్. పాత పద్ధతిలో పైకప్పు వాసాలూ దూలాలూ ఇంటి మధ్యలో ఒక గోడ మీద ఆనాలి. చిన్న కర్రల్ని త్రికోణాలుగా కలిపి, అతుకుల దగ్గర పళ్లున్న ఉక్కు రేకుల్ని గట్టిగా నొక్కి ట్రస్ తయారుచేసే పద్ధతి 1950ల్లో వచ్చింది. దాంతో పైకప్పు బయటి గోడ మీద నుంచి ఎదుటి బయటి గోడ మీదికి ఒక్క అంగలో దాటేస్తుంది. లోపలి గోడల మీద బరువు లేదు. అంటే అవి ఎక్కడ కావాలంటే అక్కడ ఉండవచ్చు, అసలు లేకపోవచ్చు కూడా. త్రికోణం వంగదని మనకు ఈ బడిలోనే అగ్గిపుల్లలతో చూపించారు. ఆ అగ్గిపుల్లలే అక్కడ వంటింటి గోడను పడగొట్టాయి.

అలా వచ్చిన ఇంట్లో కుటుంబం ఎలా కుదురుకుందో చూడండి. వంటింట్లో సింకు పైన కిటికీ, అందులోంచి పెరడు కనిపిస్తుంది, పెరట్లో పిల్లలు ఆడుతుంటారు. తల్లి గిన్నెలు కడుగుతూ వాళ్లను కనిపెట్టి ఉండవచ్చు. వంటింటికీ కూర్చునే చోటికీ మధ్య గోడ బదులు నడుమెత్తు గట్టు. పడకగదులన్నీ ఇంటికి ఒక కొసన, సందడంతా ఇంకో కొసన. 1945లో జార్జ్ నెల్సన్, హెన్రీ రైట్ అనే ఇద్దరు రాసిన పుస్తకంలో, అతిథుల కోసం కాకుండా ఇంటివాళ్లే కూర్చుని ఆడుకునే ఒక గది కావాలని, దానికింకా పేరు లేదని చెప్పారు. తర్వాత దానికి పేరొచ్చింది, ఫ్యామిలీ రూమ్. పిల్లలు అడుగుపెట్టకూడని గది స్థానంలో పిల్లల కోసమే ఒక గది రావడం చిన్న సంగతి కాదు. ఇంటి పెత్తనం అతిథి చేతిలోంచి పిల్లవాడి చేతికి వచ్చింది.

పోర్చి మాత్రం పోయింది. దాని బదులు వెనక చప్టా వచ్చింది. మనుషులు వీధికి వీపు పెట్టి, పెరటికి ముఖం పెట్టారు. కారు నేరుగా ఇంటికి అతికి ఉన్న షెడ్డులోకి వెళ్తుంది, అందులోంచి నేరుగా వంటింట్లోకి తలుపు. పక్కింటివాళ్లకు ముఖం చూపించకుండానే ఆఫీసు నుంచి వచ్చి అన్నం తిని పడుకోవచ్చు.

1959 జూలైలో మాస్కోలో అమెరికావాళ్లు ప్రదర్శన పెట్టినప్పుడు నమూనాగా తీసుకెళ్లింది ఈ రకం ఇంటినే. జనం నడిచి చూడటానికి ఇంటిని మధ్యకు చీల్చి దారి చేశారు. అందులోని వంటింటి ముందే ఉపాధ్యక్షుడు నిక్సన్, సోవియట్ నాయకుడు కృశ్చేవ్ ఏ వ్యవస్థ మంచిదని వాదించుకున్నారు. ఒక వంటిల్లు ఒక దేశానికి పతాకమైంది.

మిత్రులారా, ఇంటి గొప్ప మాత్రమే చెబితే సగం చెప్పినట్టే. ఈ ఇంటి గుమ్మం అందరికీ తెరవలేదు. లెవిట్‌టౌన్ మొదటి ఒప్పందాల్లో తెల్లజాతి వాళ్లు కానివాళ్లు అక్కడ నివసించకూడదని రాసి ఉండేది. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పాక కూడా అమ్మకాల్లో తేడా పోలేదు. 1957 ఆగస్టులో విలియం మైయర్స్, డైసీ మైయర్స్ దంపతులు పెన్సిల్వేనియాలోని లెవిట్‌టౌన్‌లో ఇల్లు కొని పిల్లలతో దిగారు. అక్కడ అడుగుపెట్టిన మొదటి నల్లజాతి కుటుంబం వాళ్లది. రోజుల తరబడి ఇంటి ముందు గుంపులు చేరి అరిచాయి, రాళ్లు విసిరాయి. మైయర్స్ కుటుంబం కదలలేదు. అండగా నిలిచిన ఇరుగుపొరుగు వాళ్లూ కొందరున్నారు. ఇళ్ల అమ్మకంలో జాతి వివక్షను నిషేధించిన చట్టం రావడానికి 1968 దాకా పట్టింది.

అదే కాలంలో జోసెఫ్ ఐక్లర్ అనే బిల్డరు కాలిఫోర్నియాలో ఉన్నాడు. వెన్నా గుడ్ల టోకు వ్యాపారం చేసినవాడు, కొంతకాలం రైట్ కట్టిన ఇంట్లో అద్దెకు ఉండి ఆ మోజుతో బిల్డరైనవాడు. దాదాపు 11,000 ఇళ్లు కట్టాడు. ఆయన ఇళ్లలో కొన్నిటికి గుమ్మం దాటగానే పైన కప్పులేని ముంగిలి ఉంటుంది, అచ్చంగా మన మండువా. జాతి చూడకుండా ఎవరు డబ్బిస్తే వాళ్లకు అమ్మాడు. బిల్డర్ల జాతీయ సంఘం వివక్ష విషయంలో పట్టిన దారి నచ్చక 1958లో అందులోంచి బయటికి వచ్చాడు. వ్యాపారం చేస్తూ కూడా న్యాయంగా ఉండవచ్చని ఆ రోజుల్లోనే చూపించిన మనిషి.

గోడలు లేని ఇల్లు అందరికీ సుఖం ఇచ్చిందా అంటే అదీ కాదు. 1963లో బెట్టీ ఫ్రీడాన్ రాసిన 'ది ఫెమినైన్ మిస్టిక్' అమెరికా స్త్రీల ఉద్యమానికి ఊపునిచ్చిన పుస్తకం. చదువుకున్న ఇల్లాళ్లు అన్ని సౌకర్యాలున్న ఇళ్లలో ఎందుకు ఊపిరాడక ఉన్నారని ఆమె అడిగింది. నిజమైన గోడలూ తలుపులూ లేని ఈ ఇళ్ల ప్రస్తావన కూడా అందులో ఉంది. తల్లికి పిల్లలు ఎప్పుడూ కనిపిస్తారు, నిజమే. తల్లి కూడా అందరికీ ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. తలుపు వేసుకుని కాసేపు తనకోసం కూర్చునే చోటు ఆమెకు ఆ పటంలో లేదు.

ఆ పటంలో లేని మనిషి ఇంకొకరున్నారు. అమ్మమ్మ. తల్లీ తండ్రీ పిల్లలూ, అంతే లెక్క. ముసలివాళ్లు ఎక్కడో వేరే ఊళ్లో వేరే ఇంట్లో ఉంటారన్న ఊహ మీద ఆ ఇల్లు గీశారు.

1970ల తర్వాత కాలం మళ్లీ మారింది. నగరాల చుట్టూ నేల ధర పెరిగింది. వెడల్పుగా పడుకునే ఇంటికి స్థలం ఎక్కువ కావాలి, కాబట్టి ఇళ్లు మళ్లీ నిలువుగా లేచాయి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లారు, సంపాదన పెరిగింది, మనిషికో గది, మనిషికో టీవీ కావాలన్నారు. 1950లో కొత్త ఇంటి సగటు విస్తీర్ణం సుమారు 1,000 చదరపు అడుగులు. 2015 నాటికి 2,600 దాటింది. అదే కాలంలో ఇంట్లో ఉండే మనుషుల సగటు 3.37 నుంచి సుమారు రెండున్నరకు తగ్గింది. ఇల్లు పెరిగింది, మనుషులు తగ్గారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మనవాళ్లు వచ్చారు. 1965 వలస చట్టం తలుపు తీశాక తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు అమెరికా చేరారు. వాళ్లలో ఎందరో మొదట కొన్న సొంత ఇల్లు, ఎవరో ఒక తెల్ల దంపతులు పిల్లల్ని పెంచి పెద్దచేసి అమ్మేసిన ర్యాంచ్ ఇల్లే. అందులో మనవాళ్ల కాపురం చూడముచ్చటగా ఉంటుంది. కోట్లు తగిలించుకునే అల్మారా దేవుడి గది అవుతుంది. ఇంగువ పోపు పెడితే గోడలు లేవు కదా, పడకగది పరుపుల దాకా వాసన వెళ్తుంది. అందుకని కారు షెడ్డులో ఇంకో పొయ్యి పెడతారు. చేపల పులుసు అక్కడ, కారు ఎండలో. తెల్లవాళ్లు గోడ తీసేయమని నన్ను పిలిస్తే, మనవాళ్లు గోడ కట్టగలరా అని పిలుస్తారు!

ఇంకో చుట్టరికం నేలతో. డల్లాస్ కింద ఉన్నది మన నల్లరేగడి లాంటి బంకమట్టి. వాన పడితే ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. నేల కదిలితే పైనున్న పలక కదులుతుంది, గోడలు బీటలిస్తాయి, తలుపులు పట్టేస్తాయి. అందుకని వేసవిలో ఇంటి చుట్టూ చిల్లుల గొట్టాలు పరిచి పునాదిని తడుపుతారు. మొక్కకు నీళ్లు పోయడం తెలుసు గాని ఇంటికి నీళ్లు పోయడం నేను అక్కడే చూశాను.

మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు మేమూ అలాంటి ఇంట్లోనే ఉన్నాం. వారం రోజులు చూసి, "ఇక్కడ కూర్చుంటే పెరడంతా కనిపిస్తుందిరా, వీధే కనిపించదు" అంది. పుస్తకాలు చదివి నేను తెలుసుకున్న పోర్చి చరిత్ర ఆవిడ వారంలో కనిపెట్టింది. అరుగు మీద కూర్చుని కూరగాయల బండివాడితో బేరమాడిన మనిషికి, వీధి లేని ఇల్లు ఎంత బాగున్నా సగం ఇల్లే.

కానీ అదే ఇంట్లో ఆవిడకు ఒక సుఖం ఉంది. మోకాళ్ల నొప్పులున్నా ఇల్లంతా ఒక్క మెట్టు ఎక్కకుండా తిరిగేది. ఇప్పుడు అమెరికాలో ర్యాంచ్ ఇంటికి మళ్లీ గిరాకీ రావడానికి కారణాల్లో ఇది పెద్దది. 1946 తర్వాత పుట్టిన ఆ కోట్ల మంది పిల్లలు ఇప్పుడు ముసలివాళ్లు. మేడ మీది పడకగది ఎక్కలేక, మెట్లు లేని ఇల్లు వెతుక్కుంటున్నారు. చిన్నపిల్లల కోసం గీసిన ఇల్లు చివరికి ముసలివాళ్లకు పనికొచ్చింది.

అది కూడా పూర్తిగా కాదు. ఈ మధ్య నాకు వచ్చే పిలుపుల్లో చాలా భాగం బాత్రూం తలుపు గురించి. 1950ల నాటి ఇళ్లలో ఆ తలుపు చాలాచోట్ల 24 అంగుళాలే. చక్రాల కుర్చీ పట్టదు. ధారాళంగా వెళ్లాలంటే 32 అంగుళాల దారి కావాలి. కేవలం 8 అంగుళాలు. కట్టేటప్పుడైతే ఆ 8 అంగుళాలకు ఖర్చు లేదు. అరవై ఏళ్ల తర్వాత గోడ కోసి, కరెంటు తీగలు మార్చి, పైన కొత్త దూలం పెట్టి వెడల్పు చేయాలంటే వేల డాలర్లు. ఆ ఇంటి పటం గీసినవాడికి అప్పుడు ముప్పై ఏళ్లుండి ఉంటాయి. ఇంట్లోవాళ్లు ఎప్పటికీ ముప్పై ఏళ్ల వాళ్లే అనుకున్నాడు.

2020లో కరోనా వచ్చినప్పుడు ఇంకో విచిత్రం. ఒకే గదిలో తండ్రి ఆఫీసు మీటింగు, పిల్లల ఆన్‌లైన్ బడి, పక్కన మిక్సీ. అంతకుముందు గోడ తీయించుకున్నవాళ్లే మళ్లీ గోడ కావాలన్నారు. గోడ మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఆ ఇంట్లో ఇవాళ ఎవరున్నారు, రేపు ఎవరుంటారు అన్నదే ప్రశ్న.

మనూరు వచ్చినప్పుడల్లా ఇక్కడి ఇళ్లు చూస్తున్నాను. మండువా ఇళ్లు పోయి డాబాలు వచ్చాయి. డాబాల స్థానంలో అపార్టుమెంట్లు, డూప్లెక్సులు వస్తున్నాయి. ఓపెన్ కిచెన్ అని పత్రికల్లో చూసి కట్టుకుంటున్నాం. కట్టుకోండి, తప్పులేదు. కానీ ఈ సభలో ఉన్న మనలో చాలామందిమి యాభై దాటినవాళ్లం. మనం ఇప్పుడు కట్టే ఇళ్లలో మన ముసలితనం గడపాలి. డూప్లెక్సులో పడకగదులన్నీ పైన పెట్టి, కింద హాలు ఇరవై మంది పట్టేంత వేసి, అమ్మానాన్నలను ఆ హాల్లో దివాన్ మీద పడుకోబెట్టిన ఇళ్లు నేను చూశాను. ఆ హాలు ఏడాదికి రెండుసార్లు నిండుతుంది. అమ్మకు రోజూ రాత్రి నిద్ర పట్టాలి, రాత్రి రెండుసార్లు లేవాలి.

అందుకని ఇంజనీరుగా నేను అడిగేది మూడే. కింది అంతస్తులో తలుపు వేసుకునే ఒక పడకగది, దానికి అతికిన బాత్రూం ఉంచండి. ఆ తలుపులు మూడడుగులు పెట్టించండి, బాత్రూం ముందు గడప వద్దు, గోడకు చేతిపట్టు బిగించడానికి వీలుగా లోపల గట్టితనం ఉంచండి. వీధి కనిపించేలా నలుగురు కూర్చునే అరుగు ఒకటి వేయించండి. మేస్త్రీకి ఇవేవీ కొత్త పనులు కావు. ఇప్పుడు చేయిస్తే ఖర్చూ పెద్దగా తేలదు.

చివరిగా మన బడి సంగతి. ఈ వేదికకు ఆరు మెట్లున్నాయి. పక్కన పట్టుకోవడానికి కమ్మీ లేదు. ఇవాళ సన్మానం అందుకున్న గురువుల్లో ముగ్గురికి శాలువా కింద, మొదటి వరసలోనే కప్పాం. వాళ్లు మనల్ని ఒక్కొక్క తరగతీ ఎక్కించినవాళ్లు. వాళ్లు ఎక్కలేని వేదిక మనకెందుకు? వేదిక ఎత్తు మూడడుగులు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు చొప్పున వాలుదారి వేస్తే 36 అడుగులు. మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకోవడానికి ఒక చప్టా వేసి, అక్కడ మలుపు తిప్పితే వేపచెట్టు కొట్టకుండా ఎడమ పక్కన సరిపోతుంది. నిన్న సాయంత్రం టేపు పెట్టి కొలిచాను. పటం గీసి కార్యదర్శి గారికి ఇచ్చాను. ఖర్చు మా బ్యాచి పెట్టుకుంటుంది. మేస్త్రీతో మాట్లాడటం, పని దగ్గరుండి చూడటం ఊళ్లో ఉన్న మిత్రులు తీసుకోవాలి.

వచ్చే ఆగస్టు పదిహేనుకు జెండా ఎగరేయడానికి మాస్టార్లు ముగ్గురూ ఆ వాలు మీదుగా నడుచుకుంటూనో, కుర్చీలోనో వేదిక మీదికి రావాలని నా కోరిక. లెక్కల మాస్టారూ, 36 అడుగుల లెక్క సరిపోయిందో లేదో మీరే చూసి చెప్పాలి.